రెండో వైపు, మూడో పాట తరువాత

పాత రికార్డులకు కొత్తగా మెరుగులు దిద్దే పని ఎవడు కనిపెట్టాడో నాకు తెలియదు. తెలిస్తే జర్మనీలో నేనుండే ఎర్లాంగెన్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వాడి ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి తిట్టి వచ్చేవాణ్ణి. మధ్యలో సముద్రం అడ్డం వచ్చినా సైకిల్ దిగేవాణ్ణి కాదు.

ఇంగ్లండు ఉత్తర భాగంలో, ఎప్పుడు చూసినా వాన పడే ఒక ఊరి నుంచి వచ్చిన నలుగురి బ్యాండు అది. పేరు చెప్పను. ఇప్పుడున్న కోపంలో ఆ పేరు నా నోటితో పలకడం నాకిష్టం లేదు. వాళ్ళ మొదటి నాలుగు పాటల రికార్డు, డ్రమ్ములు వాయించేవాడి తండ్రి గ్యారేజీలో తయారైంది. వెనకాల ఎక్కడో కుక్క మొరుగుతుంది. తీసెయ్యలేదు. మొదటి ఆల్బమ్‌లో గాయకుడు ఒక చరణం మధ్యలో దగ్గుతాడు. అదీ తీసెయ్యలేదు. హైదరాబాదులో కోఠీ పక్క సందులో కాపీ చేయించుకున్న క్యాసెట్‌ను ఆ దగ్గు కోసమే టేపు అరిగేదాకా విన్నాను. రెండో ఆల్బమ్‌తో వాళ్ళకు పేరొచ్చింది. మూడోదానికి లండన్ నుంచి పెద్ద ప్రొడ్యూసర్ దిగి, గిటార్ల మీద దుప్పటిలా కీబోర్డు కప్పి, పాటలన్నీ హోటల్ లాబీలో పెట్టుకునేలా తయారు చేశాడు. మా కాలేజీలో వాళ్ళ పాటలు పాడినవాళ్ళంతా ఆ దెబ్బతో వదిలేశారు. నేను తిట్టుకుంటూనే కొన్నాను.

ఆ తరువాత వాళ్ళలో వాళ్ళకు గొడవలు. కొత్త పాటలు రావు. కంపెనీకి ఇస్తామన్న రికార్డు ఇవ్వక తప్పదు. దాంతో జర్మనీలో చేసిన ఒక కచేరీని ఉన్నదున్నట్టు రికార్డు చేసి విడుదల చేశారు. డ్రెస్డెన్‌లో ఒక మూతబడ్డ ఫ్యాక్టరీ షెడ్డు. నేనప్పుడు ఆ ఊళ్ళోనే మాస్టర్స్ చదువుతున్నాను. రెండో వైపు మూడో పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టి ఆగుతారు. ఒక్క క్షణం ఏమీ వినపడదు. అప్పుడు ఒక గొంతు లేస్తుంది.

"అరే, ఇంకొక్కటి కొట్టుండ్రి భాయ్!"

గిటార్ వాయించేవాడు నవ్వుతాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వుతాడు. ఆ నవ్వులోంచే నాలుగో పాట మొదలవుతుంది. ఆ గొంతు నాది.

ఇది నిజం. నా చిక్కంతా అక్కడే ఉంది. ఎందుకంటే జరగనివి కూడా నేను చాలా చెప్పాను. ఆ గాయకుడు మా హాస్టల్ గదికి వచ్చి ఉప్మా తిని, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడని చెప్పాను. బేస్ గిటార్ వాడి యాంప్లిఫయర్ చెడిపోతే నేనే రిపేరు చేశానని చెప్పాను. నేను ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొస్తుంటే బెర్లిన్ రైలు నా కోసం ఆగిందని చెప్పాను. జర్మనీలో రైలు ఎవరికోసమూ ఆగదని తెలిసినవాళ్ళు ఆ ఒక్కదానికే నన్ను శాశ్వతంగా లెక్కలోంచి తీసేశారు. వేసవిలో మా ఇంటికి స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, పదిహేనేళ్ళ నా కూతురు అందరి ముందూ చెప్పింది, డాడీ ఏం చెప్పినా పదితో భాగించుకుని వినాలని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా కూతురు నా మాట ఒక్కటైనా నమ్మాలి. నాకు కావలసింది అంతే. ఆ ఒక్కటీ ఆ రికార్డులో ఉంది.

వినిపించడానికి ఇన్నాళ్ళూ దారి లేదు. డ్రెస్డెన్ నుంచి ఇక్కడికి మారినప్పుడు పాత ప్లేయర్ పాడైపోయింది, అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. హక్కుల తగాదా వల్ల ఆ రికార్డు ఫోన్లలో ఎక్కడా దొరకదు. ఇంతలో విడిపోయిన బ్యాండు మళ్ళీ కలిసింది. గాయకుడు ఒంటరిగా వయొలిన్లతో చేసిన రెండు రికార్డులూ ఎవరూ వినకపోవడంతో బుద్ధి వచ్చి ఉంటుంది. ఆ సంబరంలో లైవ్ రికార్డును మెరుగులు దిద్ది, పెద్ద అట్టపెట్టెలో మళ్ళీ విడుదల చేశారు. ఆ పెట్టెతోపాటు కొత్త ప్లేయర్ కూడా తెప్పించాను. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక కూతుర్ని సోఫాలో కూర్చోబెట్టి, రెండో వైపు పెట్టి, మూడో పాట చివర చెయ్యెత్తాను.

చప్పట్లు. నిశ్శబ్దం. నాలుగో పాట.

"డా ఇస్ట్ నిక్స్, డాడీ," అంది. "ఏం లేదక్కడ."

సూది వెనక్కి పెట్టాను. మళ్ళీ అంతే. అద్దం తుడిచినట్టు ఖాళీ. గిటార్ వాడి నవ్వు కూడా లేదు. పెట్టెలోని చిన్న పుస్తకం తీసి చదివితే గొప్పగా రాసుకున్నారు: ప్రేక్షకుల గోల అంతా తొలగించి సంగీతాన్ని స్వచ్ఛంగా అందిస్తున్నారట. గోల! కుక్కను ఉంచారు, దగ్గును ఉంచారు, నన్ను ఊడ్చి పారేశారు. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయింది. ఏ ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలన్నా దండం పెట్టినట్టు అడిగాను, ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దాని మీద పెట్టాను. గట్టిగా అరిచింది ఆ ఒక్కసారే. దాన్ని కూడా చెత్త అన్నారు.

కచేరీకి నాతో వచ్చిన స్నేహితుడు ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, అమ్మాయికి సాక్ష్యం చెప్పమన్నాను.

"నాకు యాది లేదు మామా," అన్నాడు. "ఆ టైముల నేను కౌంటర్ల జాకెట్ ఇచ్చిన టోకెన్ పోయిందని దేవులాడుతున్న."

"నా పక్కనే ఉన్నవు కదరా."

"ఉప్మా తిన్నడన్నప్పుడు గూడ నువ్వు ఇట్లనే అన్నవు."

ఫోన్ పెట్టేశాను. కూతురు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిగా చూసింది.

బిల్డింగు కింద సామాన్లు పెట్టుకునే కెల్లర్‌కు దిగి నా పాత రికార్డు తెచ్చాను. ప్లేయర్ మీద పెట్టబోతూ చూస్తే, నల్లని పళ్ళెం మీద ఎండి పగిలిన పసుప్పచ్చ గంధం, మధ్యలో ఎర్రటి కుంకుమ. గాడిలోకి ఇంకి రాయిలా అయిపోయింది.

నా భార్యను పిలిచి అరిచాను. ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ బొట్టు పెట్టే అలవాటు ఎవరిదన్నాను. వాషింగ్ మెషీన్‌కు పెడితే ఊరుకున్నాను, ఓవెన్‌కు పెడితే ఊరుకున్నాను, రౌటర్‌కు పెట్టి ఇంటర్నెట్ ఆగిపోతే కూడా ఊరుకున్నానన్నాను. నా జీవితంలో ఉన్న ఒక్క నిజాన్ని మూసేశావన్నాను. ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టి, నా అరుపు అయిపోయేదాకా ఆగింది.

"పోయిన దసరాకు నేను మా అక్క తానకు పోయిన. ఇంట్ల ఆయుధ పూజ ఎవరు చేసిండ్రు?"

నేను బొట్టును గోటితో గీకి చూశాను.

"నువ్వే చేసినవ్. కవర్ మీద పెట్టు, రికార్డ్ మీద వద్దు అని ఫోన్ల చెప్పిన. నువ్వు నా మాట ఇన్నవా? 'నా గొంతు యాడున్నదో సరిగ్గ ఆడనే పెట్టిన' అని ఫొటో గూడ పంపినవ్."

పంపాను. ఒట్టు, అప్పటిదాకా నాకు గుర్తులేదు. లేదా గుర్తుంచుకోలేదు, అబద్ధాలు చెప్పేవాడికి ఈ రెంటి మధ్య గీత మాసిపోయి ఉంటుంది. సైకిల్‌కు, లాప్‌టాప్‌కు పెట్టాక గిన్నెలో గంధం మిగిలింది. ఇంటినీ నన్నూ పోషించేవాటికి బొట్టు పెట్టి, ఎప్పుడో ఒకసారి నన్ను సంతోషపెట్టినదాన్ని వదిలెయ్యడం అన్యాయమనిపించింది. కంపెనీ వాడు యంత్రంతో చేసిన పని నేను ఉంగరపు వేలితో చేశాను. ఇప్పుడు ఎవర్ని తిట్టను?

కూతురు రికార్డు అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పాటల మధ్య గీతలు వేలితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడో గీత మీద బొట్టు. వంటింట్లోకి వెళ్ళి, ఫోన్‌లో ఏదో చదువుకుంటూ, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు చుక్క వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో అరగంట రుద్దింది. అలా కాదు, ఇలా అని నేను వెనక నిలబడి కసిరాను. వాళ్ళమ్మ నన్ను అవతలికి పంపింది.

ఆరాక పెట్టాం. చప్పట్లు. బరబర. "అరే, ఇంకొక్క..." సూది ఎగిరి నాలుగో పాట మధ్యలో పడింది.

కూతురు మూడుసార్లు వెనక్కి పెట్టి విన్నది. తరువాత నావైపు తిరిగింది.

"ఇది నువ్వు కాదు డాడీ. ఈయన హ్యాపీగా ఉన్నాడు."

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఈ వ్యాసంలో ఉన్న కోపాలన్నిటికంటే పెద్దది. లేచి నిలబడి, గొంతు చించుకుని అదే మాట అరిచాను. అది తల అడ్డంగా ఊపింది. ఇది తిట్టినట్టుందంది. ఆదివారం మా బిల్డింగులో మేకు కూడా కొట్టకూడదు. కిందింటి ముసలావిడ చీపురు కర్రతో పైకప్పు మీద టకటకమని పొడిచింది. కళ్ళు మూసుకున్నాను. ఆ షెడ్డు, తడిసిన జాకెట్, బూట్ల కింద బీరు జిగురు, చుట్టూ ఉన్న జర్మన్లెవరికీ రాని నా భాష. మళ్ళీ అరిచాను.

కూతురు రికార్డువైపు చూసింది, నావైపు చూసింది.

"ఇంకొక్కసారి," అంది.

అరిచాను. కాలింగ్ బెల్ మోగింది. నన్ను ఆపి అదే వెళ్ళింది. తలుపు చాటున నిలబడి విన్నాను. ఆదివారం గురించి, రూల్స్ గురించి కిందింటావిడ పొడుగ్గా చెప్పింది. నా కూతురు క్షమించమని, తన మంచి జర్మన్‌లో నిదానంగా వివరించింది: ఒక ఇంగ్లీషు బ్యాండు రికార్డులో మా నాన్న గొంతు ఉంది, కంపెనీ వాళ్ళు తీసేశారు, మేము సరిచూసుకుంటున్నాం. ఆవిడ ఆ బ్యాండు పేరు అడిగింది. అమ్మాయి చెప్పింది. ఆవిడ గొంతు మెత్తబడింది. నా కూతురు అక్కడితో ఆగలేదు. ఆ గాయకుడు ఒకసారి మా నాన్న గదికి వచ్చి ఉప్మా తిన్నాడని, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడని చెప్పింది.

ఉప్మా అంటే ఏమిటని ఆవిడ అడుగుతోంది. నేను తలుపు చాటునుంచి బయటికి రాలేదు.