సూదమ్మ స్కూటర్

ఇంటింటికీ వెళ్ళి ఇంజెక్షన్లు చేసే ఆమెను వీధిలో అందరూ సూదమ్మ అనే పిలుస్తారు. బిగించి చుట్టిన ముడి, స్కూటర్ మీద కాళ్ళ దగ్గర ఇరికించుకున్న మందుల పెట్టె, అందులో సూదుల కిందే బండి కాగితాలు: ఆర్సీ, లైసెన్సు, పొల్యూషన్, ఇన్సూరెన్స్. మందుసీసా మీద తేదీ రెండుసార్లు చదవందే ఎవరికీ సూది గుచ్చదు. కాగితాల మీద తేదీలూ అంతే. “పెట్రోలు కన్నా దీని కాగితాలే ఎక్కువ డబ్బు తాగుతున్నాయి” అని సణుగుతూనే అన్నీ గడువులోపే కట్టేస్తుంది. మొన్న మాత్రం జ్వరంతో మంచం పట్టడంతో ఇన్సూరెన్స్ గడువు దాటిపోయింది. మర్నాడు పొద్దున్నే, బండి ఎక్కకుండా, ఇన్సూరెన్స్ ఆఫీసు దాకా తోసుకుంటూ బయల్దేరింది. వీధి మలుపులో మెకానిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఒక్కరోజుకే కొంపలు మునుగుతాయా అక్కా? ఎక్కి పో. పోలీసాయన ఇంకా నిద్ర కూడా లేచుండడు.” సూదమ్మ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. “పోలీసుకు భయపడి కాదురా. మీ బావను గుద్ది కాలు విరగ్గొట్టిన బండికీ ఇన్సూరెన్స్ గడువు దాటింది ఒక్కరోజే. ఆపరేషన్‌కి పైసా రాలేదు.” మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టేసి, వెనకనుంచి బండి తోయసాగాడు.