బ్రెజిల్ వాడి మీద కుళ్లు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే సెల్వరాణికి, ఇంటికి కేబుల్ వచ్చిన నాటి నుంచి ఒక ఫుట్‌బాల్ ఆటగాడంటే గిట్టదు. సవతి మీద కూడా అంత కుళ్లు ఉండదేమో. బ్రెజిల్ నుంచి ఇంగ్లండు టీముకు కొత్తగా వచ్చిన మిడ్‌ఫీల్డరు వాడు. అక్కడి ఆట వేగం అందుకోలేక ప్రతి శనివారం బంతి పోగొట్టుకుంటాడు. మొగుడు జెబకుమార్ మాత్రం "పావం, ఊరు కొత్త, చలి కొత్త. అలవాటు పడొద్దా? ఒక ఏడాదన్నా ఇయ్యొద్దా వానికి" అంటాడు. ఆ మాట వినగానే ఆమె వేళ్లు ఒళ్లోని చీర మీద పుల్లలు పేర్చినట్టు గబగబా ఆడతాయి. విరుదునగర్ పక్క పల్లెలో నింపాదిగా పత్తి తీసిన చేతులవి. పెళ్లయిన వారానికే ఆమెను ఫ్యాక్టరీలో కూర్చోబెట్టారు. "ఇంత నిదానమా?" అని అందరికంటే ముందు నవ్వింది ఈ మొగుడే.

ఈ శనివారం బ్రెజిల్ వాడు గోలు కొట్టాడు. జెబకుమార్ ఎగిరి గంతేసి, "చూస్తివా రాణీ, అలవాటైపోయె వానికి!" అన్నాడు. సెల్వరాణి అన్నం పళ్లెం అతని ముందు పెట్టింది.

"అలవాటు కాకేమి? వాడు నీకు పెండ్లాం కాదు గదా."

టీవీలో గోలు మళ్లీ చూపిస్తున్నారు. అడ్డం తొలగమని జెబకుమార్ చెయ్యి ఊపాడు.