డొక్కలో పోటు అనుకున్నాం
ఎనభైల మొదట్లో పోలీసుశాఖలోకి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి, మా పెదనాన్నగారి అమ్మాయీ నేనూ దరఖాస్తులు పెట్టాం. అక్కకి ఇరవై మూడు, నాకు ఇరవై ఒకటి. ఎంపికలో పరుగు ఉంటుందన్నారు. కొత్తపేట దగ్గర మా ఊళ్లో, ఆరబెట్టిన ధాన్యం వానకి తడుస్తుంటే తప్ప ఆడపిల్ల పరుగెత్తడం ఎవరూ చూడలేదు.

మా పేటలో మిలటరీలో చేసి వచ్చినాయన ఒకరుండేవారు. మావయ్యగారూ అని పిలిచేవాళ్ళం. ఆయన్నే అడిగాం. తెల్లారగట్ల కాలవ గట్టు మీద, వంతెన నుంచి లాకుల దాకా వెళ్ళి రమ్మన్నారు. అన్నయ్య పాత ప్యాంట్లు తొడుక్కుని బయల్దేరాం.

మొదటి రోజు సగం దూరం పోకుండానే నా కుడి డొక్కలో కత్తి దిగినట్టయింది. వంగిపోయాను. అక్క కొబ్బరిచెట్టుని పట్టుకుని నోటితో గాలి పీలుస్తోంది. ఒకర్నొకరం చూసుకుని నవ్వబోయి, నవ్వలేకపోయాం.

"చద్దన్నం తిని వెళ్ళేరా?" అని అడిగారు మావయ్యగారు, తిరిగొచ్చి సంగతి చెబితే.

"ఆయ్, కొంచెమేనండి."

"తిన్న కడుపుతో పరిగెత్తకూడదమ్మా. పోటొస్తే ఆగిపోకండి. అడుగు నెమ్మది చేసి, అక్కడ వేళ్ళతో అదిమి, గాలంతా వదిలెయ్యండి. కొన్నాళ్ళకి అదే పోద్ది."

నాకు నిజంగానే పోయింది. రెండో వారానికి లాకులు ముట్టుకుని తిరిగొచ్చాను. అక్కకి మాత్రం రోజురోజుకీ ఆయాసం ముందుగానే వచ్చేది. నిన్న తూము దాకా వచ్చిన మనిషి ఇవాళ రేవు దగ్గరే నిలబడిపోయేది.

"ఇది డొక్కలో కాదే. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది" అంది ఒకరోజు.

"డొక్కలో మొదలై పైకి పాకుతుందిలే. ఆగితేనే పట్టేస్తుంది, రా" అన్నాను.

అలా పాకుతుందని నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అనేశాను. ప్యాంటు వేసుకుని ఒంటరిగా ఆ గట్టు మీద పరుగెత్తాలంటే నాకు సిగ్గు. చెయ్యి పట్టుకుని లాగాను. అక్క వచ్చింది. కాస్త దూరం పోయాక చెయ్యి వదిలేసి గట్టు వాలులో కూలబడింది. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. దగ్గితే వచ్చిన నురగలో ఎరుపు కనిపించింది. సైకిలు మీద పాలు తీసుకెళ్తున్నాయన బిందెలు దింపేసి, అక్కని క్యారియర్ మీద కూర్చోబెట్టి, నేను వెనక పట్టుకుంటే ఊళ్లోకి నడిపించుకొచ్చాడు.

అమలాపురంలో డాక్టరుగారు చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమేమైనా వచ్చిందాండి?" అని పెదనాన్నగారిని అడిగారు.

వచ్చింది. తొమ్మిదో ఏట మోకాళ్ళు వాచి నెలరోజులు బడి మానేసింది. ఆ జ్వరమే గుండె కవాటాన్ని పాడుచేసిందనీ, ఇన్నాళ్ళూ బయటపడలేదనీ, ఆపరేషన్‌కి మద్రాసు వెళ్ళాలనీ చెప్పారు.

ఎంపికకి నేనొక్కదాన్నే వెళ్ళాను. నెగ్గాను. వచ్చేసరికి అక్క గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చునుంది. పడుకుంటే ఊపిరాడదు.

"మధ్యలో ఆగలేదు కదా?" అంది.

"లేదక్కా."

మొహమంతా సంతోషం. అది చూడలేక మంచినీళ్ళ నెపం మీద వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మద్రాసు ప్రయాణానికి అన్నీ సర్దుతుండగా, ఆ వానాకాలంలోనే అక్క పోయింది. తవ్విన గోతిలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. మనుషులు దిగి బక్కెట్లతో తోడి, మళ్ళీ ఊరేలోగా పెట్టెని దింపారు.

తరవాతి ఆదివారం చర్చి బయట పెదనాన్నగారు నన్ను పక్కకి పిలిచారు.

"పరిగెత్తకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేదంటావా అమ్మా?"

"ఏమోనండి" అన్నాను.

"ట్రైనింగుకి ఎప్పుడు రమ్మన్నారు?"

"ఎల్లుండేనండి."

"జాగ్రత్తగా వెళ్ళు" అని నా తల మీద చెయ్యి వేశారు.

ఆయన ఇంకా పదేళ్ళకి పైగా ఉన్నారు. సెలవులకి వచ్చినప్పుడల్లా వెళ్ళి కూర్చునేదాన్ని. పెద్దమ్మ కాఫీ ఇచ్చేది. ఆ రోజు గట్టు మీద నేనేమన్నానో మాత్రం వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.