పొట్టేలు సైకిలుకు నేను కట్టిన ధర

ఏడేళ్ళుగా నా దుకాణం అటక మీద ఒక చిన్న నల్లరంగు డబ్బా ఉంది. మూత ఎండి బిగుసుకుపోయింది. పారేయలేదు. వాడనూ లేదు. ఎవరైనా సైకిలుకు నల్లరంగు వేయమంటే బజారుకు పోయి కొత్త డబ్బా కొంటాను. పాతది ఉందిగా అని నా భార్య ఒకసారి అడిగింది. ఎండిపోయిందన్నాను. ఆమెకు కూడా చెప్పని సంగతి మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే నోరు లేస్తోంది. నా పేరు మాత్రం అడగకండి. వనపర్తిలో సైకిళ్ళు బాగుచేసుకునే ఒక ముసలివాడు అనుకుంటే చాలు.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. తప్పు అక్కడే మొదలైంది కనుక.

మా నాయన పశువుల సంతలో బేరగాడు. ఎద్దును అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి ఒకసారి తువ్వాలు కింద పట్టుకుని వేళ్ళతోనే ధర తేల్చేవాడు. చుట్టూ వంద మంది నిలబడినా ధర ఆ ముగ్గురికే తెలిసేది. చెయ్యి విడిచాక మాట మారదు. అయితే దానికి ముందు ఇంకో కట్టుబాటు ఉంది. పశువులో ఏదైనా ఐబు ఉంటే, కుంటుతుందో పొడుస్తుందో, ఆ లోపం అందరికీ వినబడేలా బేరగాడే చెప్పాలి. ఐబు చెప్పాకే చెయ్యి పట్టాలి. చెప్పకుండా పట్టిన బేరగాణ్ణి సంతలో మళ్ళీ ఎవరూ పిలవరు. నేను పశువుల దగ్గరికి పోలేదు, సైకిళ్ళలోకి వచ్చాను. కానీ తువ్వాలు మాత్రం తెచ్చుకున్నాను. పాత సైకిలు అమ్మాలన్నా కొనాలన్నా నాగర్‌కర్నూల్ నుంచి, గద్వాల నుంచి కూడా నా దగ్గరికే వచ్చేవారు. పానాతో ఇనుమును తట్టి చెవి దగ్గరగా ఆనించి వినేవాణ్ణి. మంచి ఇనుము గంటలా పలుకుతుంది. పగులుంటే గొంతు మొద్దుబారుతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ‘ఉస్తాద్ చెవి’ అనేవారు. ఆ మాటకు నాకు కడుపు నిండేది.

ఖాదర్ భాయ్ మా వీధి చివర గడియారాలు బాగుచేసేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. సంస్థానం రోజుల్లో రాజావారి బండ్ల షెడ్డులో పనిచేసిన వాళ్ళ నాన్న నుంచి ఆయనకొక ఇంగ్లండు రేసు సైకిలు వచ్చింది. సన్నని చక్రాలు, తోలు సీటు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. ఊరంతా దాన్ని పొట్టేలు సైకిలు అనేది. మోకాళ్ళు పోయాక ఆయన దాన్ని అమ్ముతానన్నాడు. తొక్కలేనిదాన్ని గోడకు ఆనించి రోజూ దాని మొహం చూడలేనన్నాడు. కొంటానన్నది బాల్‌రాజ్ సార్. నా దుకాణం వెనక బడి మైదానంలో డ్రిల్లు మాస్టరు. పొద్దున్నే ఆయన విజిల్ వినబడితేనే నేను షట్టరు ఎత్తేవాణ్ణి. ఆ సైకిలు మీద ఆయనకు చిన్నప్పటి నుంచీ మోజు.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ నా ముందు నిలబడ్డారు. చుట్టూ జనం. అలాంటి సైకిలుకు ధర కట్టడం నాకూ మొదటిసారి. కొత్త సైకిళ్ళతో పోల్చలేం, ఇనుము తూకానికి లెక్కేయలేం. చక్రాలు తిప్పి చూశాను, వంకర లేదు. పెడళ్ళ మధ్య ఇరుసు పట్టి ఊపాను, వదులు లేదు. గొలుసు సాగింది కానీ అది మార్చుకోవచ్చు. ఫ్రేము గొట్టాలు ఒక్కొక్కటీ తట్టాను. గుడిగంట అనుకోండి. మిగిలింది ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు. దాని మెడ దగ్గర మురికీ తుప్పూ పేరుకున్నాయి. చక్రం ఇప్పి, తుడిచి వినాలి. అది నాకు తెలుసు. చెయ్యి పానా మీదికి పోయింది కూడా.

“ఉస్తాద్ చెవికి చక్రం అడ్డమా?” అని గుంపులో ఎవరో నవ్వారు.

నేనూ నవ్వాను. చక్రం ఉండగానే తట్టాను. పలికినట్టే ఉంది. “ఐబు లేదు” అని గట్టిగా చెప్పి తువ్వాలు పరిచాను. మూడు వేళ్ళు. మూడు వేలు. ఖాదర్ భాయ్ చెయ్యి చల్లగా ఉంది, బాల్‌రాజ్ సార్ చెయ్యి చెమటతో తడిసింది. ఇద్దరూ నా వేళ్ళను నొక్కారు. విడిచాను.

నూనె వేసి సాయంత్రం ఇస్తానని సైకిలు నా దగ్గరే ఉంచుకున్నాను. మధ్యాహ్నం చక్రం ఇప్పాను. కిరసనాయిలు గుడ్డతో మెడ తుడిచాను. వెంట్రుకంత గీత. గోటితో గీకాను, పోలేదు. పానాతో తట్టాను. ఆ చప్పుడు ఎలా చెప్పాలి మీకు? చెక్కను కొట్టినట్టు. ఇంకోసారి తట్టాను. మళ్ళీ అదే.

సాయంత్రం దాకా నాకు మూడు గంటల సమయం ఉంది. ఇద్దరి ఇళ్ళూ నడిచి పోయేంత దూరమే. పోయి చెబితే ఏమయ్యేది? బేరం రద్దయ్యేది. అంతే. ‘ఉస్తాద్ చెవి తప్పింది’ అని నాలుగు రోజులు బజారులో నవ్వుకునేవారు. ఆ నవ్వుకు నేను భయపడ్డాను. ఖాదర్ భాయ్‌కి డబ్బు అవసరం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పాత పగులు, ఇన్నేళ్ళు ఆగింది ఇంకా ఆగుతుంది అనుకున్నాను. చెయ్యి విడిచాక మాట మారదు అని నాయన మాటను అడ్డం పెట్టుకున్నాను, దాని ముందున్న మాటను మింగేసి. ఇవన్నీ కుంటిసాకులు. నిజం ఒక్కటే, నా పేరు. అటక మీది డబ్బా దించి మెడ చుట్టూ నల్లరంగు పూశాను. ఆరాక చూస్తే పగులు కనబడలేదు. నాకు కూడా.

సాయంత్రం సార్ వచ్చి సీటు నిమిరి ఎక్కాడు. “జర మెల్లగ పోండ్రి సార్” అన్నాను. “రేసు సైకిలు కొని మెల్లగ పోతే పొట్టేలు నవ్వుతది ఉస్తాద్” అని పోయాడు.

ఎనిమిది నెలలు. ఆదివారాల్లో ఆయన ఘనపూర్ దారిలో దూరం పోయి, అక్కడి దిగుడులో హ్యాండిల్ మీదికి వంగి జోరుగా దిగేవాడని తెలిసింది. ఆదివారం నాకు అన్నం సహించేది కాదు. సోమవారం పొద్దున విజిల్ వినబడగానే ఊపిరి తీసుకునేవాణ్ణి. ఏ సోమవారమైనా మైదానంలోకి పోయి చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు? మొదటిరోజు చెబితే చెవి తప్పు. నెల తర్వాత చెబితే రంగు తప్పు కూడా బయటపడుతుంది. రోజులు గడిచేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుంది. ఒక్కోసారి ఇంత పని కూడా చేశాను, రాయడానికి సిగ్గేస్తోంది: ఆ సైకిలును ఎవడైనా దొంగ ఎత్తుకుపోతే బాగుండునని మొక్కుకున్నాను.

ఒక సోమవారం విజిల్ వినబడలేదు.

షట్టరు ఎత్తకుండా చాలాసేపు మెట్టు మీద కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. దిగుడులో ఫోర్కు విరిగి సార్ మొహం రోడ్డుకు కొట్టుకుందని, దవడ ముక్కలైందని, కర్నూలు దవాఖానకు తీసుకుపోయారని పది గంటలకల్లా బజారే చెప్పింది.

మూడు వారాల తర్వాత ఆయన భార్య సుశీలమ్మ నా దుకాణానికి వచ్చింది. చేతిలో గోనెసంచి. సంగతి తెలిసి ఖాదర్ భాయ్ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. జనం మళ్ళీ మూగారు. ఆమె సంచిలోంచి విరిగిన ఫోర్కు తీసి నా ముందు పెట్టింది.

“జర చూడన్నా. ఇది దెబ్బకు ఇరిగిందా, ముందుగాల్నే పగిలుండెనా? మా ఆయనే జోరుగ తొక్కి పడ్డడని అందరంటుండ్రు. నువ్వేమంటె అది ఇంట.”

రెండోసారి ధర కట్టమని అడిగినట్టుంది నన్ను. విరిగిన చోట ముప్పావు వంతు పాత తుప్పు, చివర కొంచెం మాత్రమే కొత్త మెరుపు. ఇనుము తెలిసిన ఎవడైనా చెబుతాడు.

“పాత పగులే చెల్లే” అన్నాను. అది నిజం. ఎంత నిజం చెబితే నాకు ఏమీ కాదో అంతే చెప్పి ఆగాను.

ఆమె వేలు పెట్టి చూపింది. “మరి ఈ రంగేంది? పగుల్ల లోపటికి పారింది. ఎవలో కావాలనే కప్పిండ్రు. ఈ రంగు ఎవలు పూసిండ్రన్నా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది. “నాకు తెల్వదు చెల్లే.”

అందరి తలలూ ఖాదర్ భాయ్ వైపు తిరిగాయి. ఆయన ఫోర్కు తీసుకుని, గడియారంలో చూసినట్టు కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి నా అటక వైపు చూశాడు. అక్కడ డబ్బా ఉంది. నేను చూశాను, ఆయన చూశాడు, ఇంకెవరూ చూడలేదు.

“నీ చెవికెట్ల ఇనబడలే తమ్మీ?” అన్నాడు, మెల్లగా.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన నాకు దారి ఇచ్చాడు. నేనేమన్నానో వినండి.

“చక్రం ఇప్పలే భాయ్. నిన్ను నమ్మిన.”

ఆయన నన్ను చూశాడు. “అట్లనా” అన్నాడు. ఫోర్కును నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదిగా కింద పెట్టాడు. వారం తిరక్కుండా గడియారాల పనిముట్లన్నీ అమ్మి సుశీలమ్మకు మూడు వేలూ తిరిగి ఇచ్చేశాడు. తాను చేయలేదని ఎవరితోనూ వాదించలేదు. నా పేరూ ఎత్తలేదు. దుకాణం ఖాళీ చేసి అలంపూర్‌లో కూతురింటికి వెళ్ళిపోయాడు. ‘ముసలోడు ఎంత మోసగాడు’ అని నా దుకాణం ముందే అనేవారు. నేను పంక్చర్లు వేసుకుంటూ వినేవాణ్ణి. నా పేరు మాత్రం నిలిచింది. ఇప్పటికీ సైకిళ్ళు తెస్తారు. తువ్వాలు మాత్రం పరచను, చెవి మందగించిందంటాను.

మందగించలేదు. అదే నా శిక్ష అనుకుంటాను ఒక్కోసారి. బాల్‌రాజ్ సార్ మళ్ళీ మైదానానికి వస్తున్నాడు. దవడ ఒక పక్కకు కూర్చుంది, పెదవులు కలవవు, నోట్లో విజిల్ నిలవదు. పిల్లల్ని చప్పట్లు కొట్టి పిలుస్తాడు. గోడ ఇవతల నాకు ఒక్కో చప్పట్టూ వినబడుతుంది. దుకాణం ముందు నుంచి పోతూ చెయ్యి ఎత్తి నాకు సలాం పెడతాడు.

ఈ ఏడాది తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగిందని విన్నాక ఆగలేకపోయాను. బియ్యం మూట పట్టుకుని పోయాను. ఒక బడిలో తలదాచుకున్నవాళ్ళ వరుసలో పళ్ళెం పట్టుకుని ఖాదర్ భాయ్ నిలబడి ఉన్నాడు. వెనక నుంచే గుర్తుపట్టాను. పది అడుగులు. ఏం చెప్పాలో బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో. మూట అక్కడున్న ఎవరి చేతిలోనో పెట్టి వెనక్కి తిరిగాను. నీళ్ళు ఆయన ఇంట్లోకి వచ్చిన తర్వాత కూడా నాకు నా పరువే అడ్డమైంది.

ఈ కాగితం చదివి నన్ను క్షమించమని ఎవరినీ అడగను. ఆ ఇద్దరికీ తప్ప క్షమించే హక్కు ఎవరికుంది? వాళ్ళ ముందు నిలబడే ధైర్యం నాకు రేపు వస్తుందో రాదో తెలియదు. ఇంతవరకు రాశాక మాత్రం గుండెల మీద నుంచి ఏదో కొంచెం జరిగింది. పొద్దున అటక మీంచి డబ్బా దించి దుకాణం ముందు, అందరికీ కనబడేలా పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక్కరే అడిగారు, ఏడేళ్ళ కింద. ఈ రంగు ఎవలు పూసిండ్రన్నా అని.

నేనే పూసిన, చెల్లే.