కోనసీమ నుంచి వచ్చిన క్లారినెట్

1998 ఏప్రిల్. బళ్లారి గాంధీనగర్‌లో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. మా నాయన బ్యాండు వాయిద్యాలు బాగుచేసేవాడు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని క్లారినెట్‌కు ప్యాడ్లు అతికించాను. ప్యాడ్ అంటే వేలితో నొక్కే మీట కింద ఉండి రంధ్రాన్ని మూసే మెత్తని బిళ్ల. ఆ మీటను మేం తాళం అంటాం. ఆయన పోయాక పనిముట్లు నా చేతికి వచ్చాయి. పెళ్లి బ్యాండు వాళ్లందరికీ నేను తెలుసు. బయటివాళ్లకు తెలియదు.

ఒక ఆదివారం ముప్పై ఏళ్ల మనిషి నల్లపెట్టె ఒకటి గుండెకు ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పేరు భాస్కరరావు, కోనసీమవాడు. తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు, కూరెకుప్పలో అద్దెకుంటాడు. వచ్చి ఐదు నెలలైంది. క్లారినెట్ బాగుచేసేవాళ్ల కోసం నాలుగు ఆదివారాలుగా బస్సెక్కి వచ్చి ఊరంతా గాలించాడట. హార్మోనియం అంగడివాళ్లు రేడియో రిపేరు దగ్గరికి పంపితే, అక్కడివాళ్లు గడియారాల అంగడికి పంపారు. చివరికి ఒక పెళ్లి ఊరేగింపు వెంట చాలా దూరం నడిచి, పాట ఆగినప్పుడు బ్యాండు మేస్త్రీని అడిగి మా ఇల్లు తెలుసుకున్నాడు.

"నాన్నగారు ఉన్నారాండీ?" అని అడిగాడు.

"లేరప్పా. ఆయన కూతుర్ని, పని చేసేది నేనే. ఈడ పెట్టు."

పెట్టె వెంటనే ఇవ్వలేదు. అది గురువుగారు ఇచ్చిన వాయిద్యమని చెప్పి, కాసేపు నా చేతుల వంక చూసి, అప్పుడిచ్చాడు. నేను విప్పుతుంటే మెల్లగా సంగతంతా చెప్పాడు. భార్య సత్యవతిది వాళ్ల పక్కవీధి. పెళ్లికి ముందు ఇతను సాయంత్రాలు వాయిస్తుంటే ఆమె డాబా మీదికి వచ్చి వినేదట. ఇక్కడికి వచ్చిన మూడో నెలలో కింది స్వరాలు పలకడం మానేశాయి. ఆమెకు కన్నడం రాదు, ఇరుగుపొరుగు ఎవరూ తెలియదు. ఊరికి పోదామని రోజూ అంటోంది.

"ఇది కూడా పలకకపోతే, ఉండమని అడగడానికి నాకు మొహం లేదండి" అన్నాడు.

ఒక్కో ప్యాడ్ కింద సన్నని కాగితం ముక్క పెట్టి లాగి చూశాను. కాగితం సులువుగా జారితే అక్కడ గాలి పోతున్నట్టు. రెండు చోట్ల జారింది. ఆ రెండూ మార్చి వాయించమన్నాను. కింది స్వరం గొంతు పట్టేసినట్టు మళ్లీ ఆగిపోయింది. నాకు సిగ్గేసింది. కొత్త ప్యాడ్లు పరీక్షించాను. వాటిలో లోపం లేదు.

ఏం చేయాలో తోచక వాళ్ల ఊరి గురించి అడిగాను. చుట్టూ కాలువలే, వానాకాలం గోడలకు కూడా చెమ్మ పడుతుందన్నాడు. అప్పుడు వెలిగింది. ఏళ్ల తరబడి ఆ చెమ్మకు అలవాటుపడిన చెక్క మా బళ్లారి పొడిగాలికి ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. ఎక్కడో చీలి ఉండాలి. ఎంత వెతికినా కంటికి ఆనలేదు.

ఇలాంటప్పుడు నాయన బీడీ పొగ ఊది చూసేవాడు. నాకూ భాస్కరరావుకూ బీడీ అలవాటు లేదు. పక్కింటి టైలరు హుసేన్ సాబ్‌ను పిలిచాను. క్లారినెట్ పై ముక్కకు అడుగున బిరడా బిగించి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి పట్టుకున్నాను. ఆయన నోటినిండా పొగ పట్టి లోపలికి ఊదాడు. పైన చిన్న తాళం పక్కనుంచి దారంలాంటి పొగ లేచింది.

"ఆడ సూడమ్మా, వస్తాండాది" అన్నాడు సాబ్. "బీడీ మానుకోమని ఇంట్లో ఒకటే గోల. ఈ పొద్దు పనికొచ్చె గదా."

భాస్కరరావు మొదటిసారి నవ్వాడు.

పనికి వారం పట్టింది. చీలికలో నల్లచెక్క పొడి, గమ్ము కూరి బిగించాను. వెండిపని చేసే ఆచారితో సన్నని కట్టు చేయించి పైన తొడిగాను. లోపల బాదం నూనె పట్టించాను.

మరుసటి ఆదివారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కొన్నాళ్లు రోజుకు పావుగంటే వాయించమని, చెక్క ఎండకుండా పెట్టెలో తడి ఆరని మోసంబి తొక్క ఉంచి, అది ఎండగానే మార్చమని చెప్పాను. అతను కూర్చుని అన్నిటికన్నా కింది స్వరంతో మొదలుపెట్టాడు. అది నిండుగా, వణుకు లేకుండా పలికింది. హుసేన్ సాబ్ మిషను ఆపి వచ్చాడు. ఎదురింటి ఆడవాళ్లు మెట్ల మీద చేరారు. సత్యవతి కూర్చోమన్నా కూర్చోలేదు. గోడకు ఆనుకుని అతని వేళ్లనే చూస్తూ నిలబడింది.

పాట అయ్యాక నావైపు తిరిగి, "రెండు ట్రంకు పెట్టెలు ఇంకా విప్పలేదండి. ఇవాళ వెళ్లి విప్పేస్తాను" అంది.

భాస్కరరావు క్లారినెట్ తుడుస్తున్న చేయి ఆపి ఆమెను చూశాడు. నేను లోపలికెళ్లి బొరుగులు నానబెట్టి అందరికీ ఉగ్గాని కలిపాను.

అప్పటిదాకా వాయిద్యం చేతికి రాగానే తాళాలు విప్పేదాన్ని. ఇప్పుడు ముందు మనిషిని కూర్చోబెట్టి, ఏ ఊరినుంచి వచ్చారు, వచ్చి ఎన్నాళ్లైందని అడుగుతాను. అడిగేది చెక్క కోసమే. కానీ చాలామంది ఆ ఊసెత్తగానే తమ ఇల్లు, వీధి, వానలు అన్నీ చెప్పుకుపోతారు. నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, అంతా విన్నాకే పని మొదలుపెడతాను.