తొట్టె కోడుకు పూడ్చిన బీట

మా ఆయన సదానందం ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల కుర్చీ అడుగున చెయ్యి పెట్టి చూసేవాడు. మంచినీళ్ల గ్లాసు కుడిచేత్తో అందుకుంటూనే ఎడమచేతి బొటనవేలి గోరును టేబుల్ అంచు వెంట మెల్లగా నడిపించేవాడు. ఇంటివాళ్లు చూస్తారేమోనని నేను కళ్లతోనే వారించేదాన్ని. బయటికొచ్చాక చెప్పేవాడు, సాగువాన్ టేకు అని మురిసిపోతున్నారు గాని అందులో సగం మైనమూ సగం రంగూ అని.

కర్రలో పగుళ్లు పూడ్చడంలో ఆయనకు వరంగల్‌లో పేరుంది. అందుకే ఆయన ఏ నునుపునూ నమ్మేవాడు కాదు. తనకు చేతనైన పని ఎదుటివాడికి మాత్రం చేతకాదా అనుకునేవాడు.

మాది నేత కులం. కొత్తవాడలో మా మామగారు జంపఖానాలు నేసేవారు. ఈయన మాత్రం మగ్గం మీద కూర్చోలేదు. నూలు చుట్టుకునే చెక్క కండెలు చేసే లేత్ మిషన్ దగ్గర చిన్నప్పుడే పనికి చేరాడు. కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి ఉలి ఆనించి గుండ్రంగా దించే పని. పెళ్లయ్యాక పోచమ్మమైదాన్ వెనక సందులో రేకుల షెడ్డు తీసుకుని సొంతంగా మిషన్ పెట్టాడు. ప్లాస్టిక్ కండెలు వచ్చి మగ్గాల పని పోయింది. ఆ తర్వాత మంచం కోళ్లు, చపాతీ కర్రలు, మెట్ల పక్కన నిలబెట్టే కడ్డీలు చేస్తూ వచ్చాడు.

పచ్చి ఆరని కర్రను తిప్పితే ఎండకు బీట వారుతుంది. దాన్ని పారేయలేక పూడ్చడం నేర్చుకున్నాడు. ఆ కర్ర పొట్టునే పల్చటి బట్టలో జల్లించి, రెండు గొట్టాల్లోంచి పిండి కలిపే జిగురులో వేసి, చిటికెడు ఎర్రటి గేరుమట్టి, చిటికెడు కాఫీపొడి వేసేవాడు. రంగు కుదిరిందా లేదా అని పొడి చెక్క పక్కన పెట్టి చూసేవాడు కాదు. చెక్కను తడిపి, ఆ తడిరంగుకు కలిపేవాడు. పాలిష్ పడ్డాక చెక్క ఆ రంగుకే తిరుగుతుంది. అలా పూడ్చి, ఆరాక మళ్లీ మిషన్ మీద తిప్పి, గరుకు కాగితం పట్టిస్తే నా కళ్లకే కాదు, ఆయన కళ్లకు కూడా కనపడేది కాదు.

ఇంట్లో నాకూ ఈ అనుమానం అంటుకుంది. ఒకసారి కవ్వం చేసి తెచ్చి, ఇది నీకోసమే, ఒక్క బీట కూడా లేదన్నాడు. నేను దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను. ఏమీ దొరకలేదు. దొరకలేదని నమ్మకమేమీ కలగలేదు.

మా నవనీతను కాజీపేటకిచ్చాం. అల్లుడు సుదర్శన్ నెమ్మదస్తుడు. వియ్యంకుడు రైళ్లలో టికెట్లు చూసి రిటైరైన మనిషి. అయితే ఆ ఇంట్లో అసలు టికెట్లు చూసేది మా వియ్యపురాలు లక్ష్మీనర్సమ్మ. పిల్లను చూడటానికి వచ్చిన రోజున నవనీతను గుమ్మం దగ్గర నిలబెట్టి ఎదురు గోడ మీది క్యాలెండర్ చదవమంది. సూదిలో దారం ఎక్కించమంది. మెట్లెక్కి దిగమంది. పగుళ్లు కనపడకుండా చేసేవాడి ఇంటి పిల్ల, ఏం దాచారో ఎవరికి తెలుసని ఎవరో ఆమె చెవిలో వేశారట. పెళ్లయ్యాకా అదే వరస. నవనీతకు జ్వరమొస్తే ముందు నుంచీ ఉందా అని అడిగేది. తలనొప్పి అంటే, మీ అమ్మ ఈ సంగతి మాతో ఎందుకు చెప్పలేదని అడిగేది. కోడలు లేదన్నా నమ్మేది కాదు, అవునన్నా నమ్మేది కాదు. నవనీత ఫోన్లో ఏడవదు. మాట మధ్యలో ఆగిపోతుంది. ఆ ఆగడం నాకు తెలుసు.

బిడ్డ పుట్టింది. ఇరవై ఒకటో రోజున మా ఇంట్లో తొట్టెల వేడుక. తొట్టె పెట్టాల్సింది తల్లిగారింటివాళ్లం కదా, కొన్నది వద్దన్నాడు ఈయన. కూల్చిన పాత ఇంటి దర్వాజా సాగువాన్ దొరికితే తెచ్చి, నాలుగు కోళ్లు తానే తిప్పాడు. తొట్టె ఊగే కడ్డీ ఈ కోళ్ల మీదే ఆనుతుంది.

నేను మధ్యాహ్నం అన్నం టిఫిన్ తీసుకుని షెడ్డుకు వెళ్లేసరికి ఆయన చేతిలో గేరుమట్టి డబ్బా ఉంది. అది చూడగానే అర్థమైంది. ఒక కోడుకు మెడ కింద వేలెడు బీట. కిందున్న బల్ల మీద స్పిరిట్ సీసా ఉంది. బీటలో స్పిరిట్ పోసి చూశాననీ, అవతలికి దిగలేదనీ, పైపైదేననీ చెప్పాడు. బలానికి ఏ లోటూ లేదన్నాడు.

బీటవారిన కర్ర మీద పసిబిడ్డను ఊపరని మా వైపు పట్టింపు. బలమా కాదా అని ఎవరూ అడగరు. ఇంకో కోడు తిప్పమన్నాను. ఆ దర్వాజా కర్ర అయిపోయిందనీ, వేరే కర్ర తెస్తే నాలుగింటిలో ఒకటి వేరుగా కనపడుతుందనీ అన్నాడు. పాలిష్ పెట్టిన సాగువాన్ ఏడాది తిరిగేసరికి రంగు మారుతుంది, పూడ్చింది మారదు, ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. అప్పుడు ఆ గీత దానంతటదే బయటపడుతుంది. పడేది ఎక్కడ? లక్ష్మీనర్సమ్మ ఇంట్లో. మాట పడేది ఎవరు? నవనీత. ఇదే అడిగాను. ఆయన పొట్టు జల్లిస్తూ, "అప్పటికి పొల్ల నడుస్తది, తొట్టె అటక మీద ఉంటది" అన్నాడు.

వేడుక రోజున లక్ష్మీనర్సమ్మ అందరికంటే ముందే వచ్చింది. బిడ్డను చూసి, బాలింతను చూసి, నేరుగా తొట్టె దగ్గర గొంతుక్కూర్చుంది. కొంగు తడిపి ఒక్కో కోడునూ తుడిచి, ఆ తడి మీద గోరు నడిపింది. మా ఆయన ఇతరుల ఇళ్లలో చేసే పనే. ఆమె చేస్తుంటే చూడటం వేరుగా ఉంది.

వెనక వైపు కోడు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అక్కడ సన్నని నల్లచార ఉంది. సాగువాన్‌లో అలాంటి చారలు పుట్టుకతో వస్తాయి. ఆమె మాత్రం గట్టిగా, నలుగురికీ వినపడేలా, ఇదిగో ఇక్కడ పూడ్చాడు అంది. పసుపు నూరుతున్న ఆడవాళ్లు లేచి వచ్చారు. అందరూ వంగి చూశారు. చూసిన ప్రతివాళ్లూ అవునన్నారు.

ఈయన వచ్చి, అది చెక్క సొంత చార అని చెప్పాడు.

"అన్నా, నీ చెయ్యి మస్తు మంచిదని ఊరంత అంటాండ్లు" అంది లక్ష్మీనర్సమ్మ. "గందుకే నాకు నమ్మబుద్ధి అయితలేదు."

నవనీత బిడ్డను భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉంది. రేపు ఆ ఇంటికి వెళ్లాల్సింది అది. ఈయన లేదంటే, ఇక ఆ ఇంట్లో కోడలు చెప్పే ప్రతి లేదుకూ ఈ చారనే చూపిస్తారు. అవునంటే బిడ్డకు బీట తొట్టె పెట్టిన తాత అవుతాడు. ఊరుకుంటే చాలని, ఆ చార మీదే అనుమానం పోనివ్వమని నేను మనసులో మొక్కుతున్నాను. తప్పు చోట వెతుకుతున్నారు కదా, వెతకనీ అనుకున్నాను.

"నాయినా, నువ్వే చెప్పు. ఎక్కడన్న పూడ్చినవా?" అని అడిగింది నవనీత.

ఆయన మొదట ఆ నల్లచార మీద చెయ్యి వేశాడు. ఏ పాపమూ ఎరగని చెక్కను అందరూ ఆడిపోసుకోవడం ఆయనకు నచ్చలేదని ఆ చెయ్యి చూస్తేనే తెలిసింది.

"దీన్ని అనకుండ్రి బిడ్డా. ఇది పుట్టుక చార." లేచి ముందు వైపు కోడు దగ్గరికి వచ్చి మెడ కింద వేలు పెట్టాడు. "పూడ్చింది గిక్కడ."

లక్ష్మీనర్సమ్మ మోకాళ్ల మీద జరుగుతూ వచ్చింది. తడిపింది, గోరు నడిపింది, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. ఏమీ కనపడలేదు. అప్పుడు తలెత్తి మా అందరి వైపూ తిరిగి అంది: "ఉత్తగ చెప్తాండు. బాగున్న కోడు చూపిచ్చి ఖరాబైనదాన్ని బచాయిస్తాండు."

ఒప్పుకున్నా నమ్మని మనిషిని నేను అప్పుడే చూశాను. ఈయన ముఖంలో కోపం రాలేదు. ఇన్నాళ్ల పనికి అంతకంటే పెద్ద మెప్పు ఆయనకు దొరికి ఉండదు. నాకు మాత్రం ఆ మెప్పు విషంలా అనిపించింది. ఆయన లోపలికి వెళ్లి బియ్యం బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చాడు. మెడ కింద గుచ్చి, తాను పెట్టినదంతా పొడిపొడిగా రాల్చాడు. వేలెడు బీట నోరు తెరుచుకుంది. పసుపు చేతుల ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న వియ్యంకుడు, "నా నౌకరి మొత్తంల టికెట్ లేదని తానై వచ్చి చెప్పినోణ్ని ఒక్కణ్ని చూడలేనే" అన్నాడు భార్యతో. ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"లోపటిదాక ఉన్నదా?"

"లేదు చెల్లె. స్పిరిట్ పోసి చూసిన."

"మల్ల ముందుగాల్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఇంట్లకు రానిస్తుంటివా?"

"రానియ్యకపోతుంటి" అంది. తర్వాత బీటలో గోరు పెట్టి లోతు చూసుకుంటూ, "నల్లగ పూడ్చు. నాకు కనపడాలె. కనపడేదాన్ని రోజు చూసుకుంట. కనపడనిదానికి యాడని కావలుండాలె?" అంది.

ఆ రోజు బిడ్డను చీర తొట్టెలో వేసి మహిత అని పేరు పెట్టాం. ఈయన తొట్టెను మళ్లీ షెడ్డుకు మోసుకుపోయాడు. నల్లగా పూడ్చడానికి ఆయన చెయ్యి రాలేదు. ఎబ్బెట్టుగా ఉంటుందనీ, తన పని చూసి జనం నవ్వుతారనీ రెండు మూడు రోజులు గొణిగాడు. చివరికి బొగ్గు మెత్తగా నూరి జిగురులో కలిపి పూడ్చాడు. ఆ పుట్టుక చారనూ దీన్నీ ఒకటే అనుకుని ఎవరూ పొరపడకుండా బీట అంచులు ఉలితో తిన్నగా చెక్కి మరీ పూడ్చాడు. మూడో నెలలో బిడ్డతోపాటు తొట్టె కాజీపేట వెళ్లింది.

వానాకాలంలో ఆయన షెడ్డులోనే పోయాడు. వారం రోజులుగా ఛాతీలో పట్టేసినట్టుందని చెయ్యి పెట్టుకునేవాడు. అడిగితే గ్యాస్ అన్నాడు. నేను నమ్మలేదు. దవాఖానకు పోదామన్నాను, రేపన్నాడు. ఆయన చెప్పిన తీరులో మాత్రం గోరు పట్టే సందు ఎక్కడా దొరకలేదు.

మొన్న కాజీపేట వెళ్లాను. నవనీతకు రెండు రోజులుగా జలుబు. లక్ష్మీనర్సమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఇది ముందు నుంచీ ఉందా అని అడగలేదు. తుమ్ము తుమ్ముకూ ఆ ప్రశ్న వస్తుందని నేనే కాచుకుని కూర్చున్నాను. రాలేదు. నవనీత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాక, నాయిన లెక్కనే ఉన్నదున్నట్టు చెప్తది అని లక్ష్మీనర్సమ్మ నాతో అంది. అది పొగడ్తో, ఎత్తిపొడుపో ఆమె ముఖంలో వెతికాను.

మహిత తొట్టెలో నిద్రపోతోంది. లక్ష్మీనర్సమ్మ ఊపబోయే ముందు ముందువైపు కోడు మెడ కింద నల్లగీత మీద బొటనవేలు ఆనించి చూసింది. గీత అలాగే ఉంది. తర్వాత నా వైపు జరిగి గొంతు తగ్గించింది.

"వదినా, నిజం చెప్పు. కడమ మూడిట్ల ఏం లేదు గద?"

ఆ మూడు కోళ్లనూ నేను పాలిష్ అయ్యాకే చూశాను. అడగడానికి ఆయన లేడు. లేదని చెప్పడం ఎంతసేపు?

"నాకు తెల్వదు వదినా" అన్నాను.

"గట్ల చెప్పు" అని ఆమె ఒక పాత గుడ్డను రెండుగా చింపి, చెంబులో ముంచి పిండి, ఒక ముక్క నా చేతికిచ్చింది. బిడ్డ లేవకుండా చెరో కోడు దగ్గర కూర్చుని తడిపి చూడటం మొదలుపెట్టాం.