పిండి జేబులో పిస్తోలు

కెంటకీ కొండల్లో రొట్టెల కొట్టు నడిపే ఒడెస్సా ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఓ బుల్లి పిస్తోలు ఉండేది. మొగుడు చనిపోయిన ఏడాది చవకగా వస్తే కొనుక్కుంది. మంచు కమ్మిన తెల్లవారుజామున ఒంటరిగా పిండి పిసుకుతుంటే, తొడకి తగిలే ఆ చిన్న బరువు ఎవరో పక్కనే ఉన్నట్టు అనిపించేది. తలుపు గడియ కూడా పెట్టుకునేది కాదు.

ఓ ఆదివారం చర్చి అయ్యాక, మరిది హార్లన్ తన పెరటి కంచె మీద డబ్బాలు పేర్చి తుపాకీతో కాలుస్తున్నాడు.

"వదినా, నీ బొమ్మ తుపాకీ అసలు పేలుతుందా?"

"బొమ్మ నీ మొహం! చూడు," అంటూ ఒడెస్సా గురిపెట్టి నొక్కింది. టిక్కుమంది. మళ్లీ నొక్కింది. టిక్కే.

హార్లన్ విప్పి చూశాడు. లోపల పిండీ, జేబు నూగూ, దాల్చినచెక్క పొడీ కలిసి గడ్డకట్టాయి.

"జేబులో తిరిగేదాన్ని అప్పుడప్పుడైనా తుడవాలి కదా వదినా! ఇదెప్పుడో చచ్చింది. ఇన్నాళ్లూ దీన్నా నమ్ముకున్నావు?"

ఒడెస్సా దాన్ని వాసన చూసింది. కొట్టు వాసనే. కిటికీ ఎండలో తేలే పిండి ధూళిలా, భయమెరగని ఆ తెల్లవారుజాములన్నీ కళ్లముందు మెల్లగా కదిలాయి.

హార్లన్ శుభ్రం చేసి, నూనె వేసి ఇచ్చాడు. ఇప్పుడది నిక్షేపంగా పేలుతోంది.

మర్నాడు కొట్లో అడుగుపెట్టగానే, ఒడెస్సా మొదటిసారి తలుపు గడియ పెట్టుకుంది.